4 అడుగుల 10 అంగుళాల కథానాయిక!

సినిమాల్లో హీరోయిన్‌కి కోపం వొస్తే మొట్టమొదట ఏం చేస్తుంది? బీరువా తలుపు తెరుస్తుంది! చీరలన్నీ మంచం మీదకి విసురుతుంది, సూట్‌కేసులో కుక్కుతుంది, పుట్టింటికి ప్రయాణం కడుతుంది. హీరోగారికి అనుమానం వొచ్చినా బీరువానే, పాత ఉత్తరాలు దొరికినా బీరువానే, దొంగ వొచ్చినా బీరువానే! 2015లో సందీప్ కిషన్ హీరోగా ఏకంగా ‘బీరువా’ అనే పేరుతోనే ఓ సినిమా వొచ్చింది. కష్టం వొచ్చినప్పుడల్లా బీరువాలో దూరి కూర్చునే కుర్రాడి కథ అది.

ఇన్ని బీరువాలు తెర మీద చూసినదాన్ని, మా పడగ్గదిలో గోడకి అతికినట్టు ఓ వార్డ్‌రోబ్ చేయించడం ఏపాటి పని అనుకున్నాను. సినిమా వార్తలు రాసుకునేదాన్ని కదా, నాకు తెలియని సెట్టింగా! అలా అనుకునే ముందు అయిదు వేలు, ఆ తర్వాత మూడు వారాలు పోగొట్టుకున్నాను. ఆ కథే యిది. కొత్తగా యిల్లు సర్దుకుంటున్న అమ్మాయిలూ, పెళ్లికి సిద్ధమౌతున్న అబ్బాయిలూ కాస్త ఓపిగ్గా చదవండి.

నాన్న పోయాక అమ్మ తెనాలి నించి హైదరాబాదు నా దగ్గరికి వొచ్చేసింది. పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన గోద్రెజ్ బీరువాని మా మావయ్యకి యిచ్చేసింది. ఆ కంపెనీ స్టీలు బీరువాలు చెయ్యడం మొదలెట్టింది 1923లోనట. అంటే మా అమ్మమ్మ పుట్టకముందు నించీ ఆ బీరువా తెలుగింటికి చుట్టమే! చీరలు మాత్రం ఓ ట్రంకుపెట్టెలోనూ, రెండు సంచుల్లోనూ వొచ్చాయి. మా ఫ్లాట్ పడగ్గదిలో గోడకి సిమెంటు అరలు వుండేవి. కింద అరలన్నీ అప్పటికే నావి. ఆలస్యంగా వొచ్చిన ప్రేక్షకులకి ముందు వరస బెంచీలు దొరికినట్టు, అమ్మ చీరలకి పై అర దొరికింది.

మొదటి పదిరోజులూ “అమ్మాయ్, ఆ నీలం చీర కాస్త దింపిపెట్టవే” అని అడిగింది. నేను ఫోన్‌లో వుంటే ఆగింది. నేను ప్రెస్‌మీట్‌కి పరుగెడుతుంటే అడగటం మానేసింది. ఓ నెల పోయాక పక్కింటావిడ నవ్వుతూ, “పిన్నిగారికి గోధుమరంగు చీరంటే అంత యిష్టమా?” అంది. అప్పుడు చూశాను. ఉతికిందొకటి, కట్టిందొకటి. రెండే చీరలతో నెల గడిపేసింది మా అమ్మ. పెట్టెలో యాభై ఎనిమిది వున్నాయి!

ఆ రాత్రే సిమెంటు అరలు కొట్టించేసి కొత్త వార్డ్‌రోబ్ కట్టించాలని నిర్ణయించాను. నిర్ణయం మంచిదే. అమలు జరిపిన తీరే... సినిమా ఫక్కీ!

అద్దాల తలుపుల మోజు

నా కళ్లలో వున్నది ఓ పాట సెట్. గోడంతా అద్దాలు. హీరోయిన్ చిటికెనవేలితో తోస్తే తలుపు పక్కకి జరిగిపోతుంది, లోపల రంగురంగుల లైట్లు! టేపు పట్టుకుని గోడ అడుగున ఒక్కచోట కొలిచాను. సరిగ్గా 84 అంగుళాలు. అంటే ఏడడుగులు. ఓ షాపుకి వెళ్లి, పక్కకి జరిగే అద్దాల తలుపులకి అయిదు వేలు అడ్వాన్సు కట్టేశాను.

లోపలి పెట్టెలు చెయ్యడానికి మాత్రం నాకు తెలిసిన ఓ మేస్త్రిగారిని పిలిచాను. కృష్ణానగర్‌లో వుంటారు. పాతికేళ్లు సినిమా సెట్టింగుల్లో వడ్రంగం చేసి, మోకాళ్లు అరిగాక యిళ్ల పనుల్లో పడ్డారు. ఆయన గదిలోకి వొచ్చి నా అద్దాల ముచ్చట అంతా విన్నారు. విని, తాపీగా యిలా అన్నారు:

“చూడమ్మా, సెట్‌లో మేం కట్టే బీరువాకి వెనక చెక్క వుండదు. కెమెరా కావాలంటే దాని లోపలే పెడతారు. హీరోయిన్ తలుపు తెరిచి లెన్సులోకి చూస్తుంది, మీకు థియేటర్లో మిమ్మల్నే చూసినట్టుంటుంది. ఆ పెట్టె బతుకు మూడు కాల్షీట్లు. నాలుగో రోజు దాన్ని విప్పి తలుపులు యింకో సినిమాకి వాడేస్తాం. మీ పెట్టె పదిహేనేళ్లు బతకాలి కదా?”

తర్వాత గోడ మూడుచోట్ల కొలిచారు. అడుగున 84. నడుం ఎత్తున 83½. పైన 83¼! దారానికి కట్టిన గుండు వేలాడదీసి చూపిస్తే, మా గోడ పైకి వెళ్లేకొద్దీ లోపలికి వొంగుతోంది. నేను చెప్పిన 84కి పెట్టె చేయించి వుంటే పైభాగం గోడలోకి దూరాల్సిందే. ‘మాయాబజార్’ (1957)లో మనం నోరెళ్లబెట్టి చూసే ద్వారకా నగరం ఓ మినియేచర్. గోఖలే, కళాధర్ గార్ల కళాదర్శకత్వం, మార్కస్ బార్ట్‌లీ కెమెరా కలిసి చిన్నదాన్ని పెద్దది చేసి చూపించాయి. మా పడగ్గదిలో దానికి సరిగ్గా తలకిందులు. పెద్దదనుకున్న గోడ చిన్నదిగా తేలింది!

అన్నిటికన్నా తక్కువ కొలత తీసుకుని, దాంట్లోంచి మరో అరంగుళం తగ్గించి పెట్టెలు చేసుకోవాలట. మిగిలిన సందుకి గోడ వొంపు ప్రకారం కోసిన సన్నపట్టీ కొడితే, గోడకి పుట్టినట్టే వుంటుంది. ‘ఫిటెడ్’ అంటే గోడకి గట్టిగా యిరికించడం అనుకున్నాను నేను. ఆ పట్టీయే అసలు రహస్యమట!

హీరోయిన్ ఎవరమ్మా?

“సెట్ వేసేముందు డైరెక్టరు గారిని మేం ఒక్కటే అడుగుతాం, ఈ సీన్లో ఎవరున్నారని. వాళ్ల ఎత్తుని బట్టి గుమ్మం, అద్దం, మేకు అన్నీ! మీ కథలో హీరోయిన్ ఎవరమ్మా?” అన్నారు మేస్త్రిగారు.

“నేనే!” అనబోయాను. నా ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. ఇంతలో అమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి ఆయనకిచ్చింది. ఎడంచేత్తో యిచ్చి, “ఏమనుకోకండి, కుడిభుజం పట్టేసింది” అంది. మా అమ్మ ఎత్తు 4 అడుగుల 10. కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవదు. మోకాళ్ల నొప్పులతో కింద కూర్చుని లేవలేదు.

మేస్త్రిగారు గ్లాసు కింద పెట్టి, “అమ్మగారూ, ఇలా వొచ్చి గోడ దగ్గిర నించోండి” అన్నారు. నొప్పి లేకుండా చెయ్యి ఎంతవరకు వెళ్తుందో అక్కడ సుద్దతో గీత గీశారు. నేల నించి 48 అంగుళాలు. మోకాళ్లు వొంచకుండా కాస్త ముందుకి వొంగితే ఎంతవరకు అందుతుందో అక్కడ యింకో గీత. 20 అంగుళాలు. ఆ రెండు గీతల మధ్య వున్నది 28 అంగుళాలు. ఏడడుగుల ఎత్తు గోడలో మా అమ్మకి పనికొచ్చే జాగా అంతే!

నేను మామూలుగా ఆలోచించి, ఎడంవైపు పెట్టె అమ్మది, కుడివైపు పెట్టె నాది అనుకున్నాను. అందరం అలాగే పంచుతాం కదా, అన్నదమ్ముల పొలంలాగా నిలువుగా! అలా పంచితే అమ్మ వాటాలో పైన సగం, కింద పావు ఆవిడకి అందని పొలమే. మేస్త్రిగారు సుద్దగీతలు రెంటినీ ఆ చివరి నించి యీ చివరికి లాగేశారు. “అడ్డంగా పంచుదాం. ఈ నడిమి పట్టా అంతా అమ్మగారిది. పైనా కిందా మీవి. మీకు చేతులున్నాయి, మోకాళ్లున్నాయి” అన్నారు.

నాకు కాసేపు మాట రాలేదు. పై అరలో చీరలు పెట్టిన చెయ్యి నాదే మరి.

ఇక అద్దాల తలుపుల సంగతి. పక్కకి జరిగే తలుపులు మంచం దగ్గరగా వున్న యిరుకు గదికి మంచివే. తలుపు తెరవడానికి ముందు జాగా అక్కర్లేదు. కానీ ఎప్పుడూ సగమే కనిపిస్తుంది, రెండోసగం మీద తలుపు వుంటుంది. రెండు తలుపుల పట్టాలకి లోతులో మూడు నాలుగంగుళాలు పోతాయి. పైగా అద్దం బరువు! పట్టేసిన భుజంతో దాన్ని రోజుకి నాలుగుసార్లు తొయ్యాలి. షాపుకి వెళ్లి ఆర్డరు వొద్దన్నాను. అడ్వాన్సు వెనక్కి రాదన్నారు. రసీదు వెనక అలా అచ్చేసి వుంది కూడా, నేనే చూసుకోలేదు.

రిహార్సల్ లేకుండా టేకా?

మా గది 10 అడుగులు, 11 అడుగులు. పడమటి గోడలో గుమ్మం పోగా మిగిలిందే ఆ ఏడడుగులు. అది నైరుతి మూల కావడంతో అమ్మకి మహా తృప్తి. బీరువా ఉత్తరం చూడాలంటారు గానీ, తూర్పు చూసినా ఫర్వాలేదని ఆవిడే తీర్పు చెప్పేసుకుంది.

మేస్త్రిగారు కాగితం మీద లెక్కలతో ఆగలేదు. పాత వార్తాపత్రికలు 24 అంగుళాల వెడల్పున కత్తిరించి, గోడవారగా నేలమీద పరిపించారు. వార్డ్‌రోబ్ లోతు అదన్నమాట. మనం చొక్కాలు తగిలించే హ్యాంగరు 17, 18 అంగుళాలుంటుంది. లోపల 22 అయినా లేకపోతే తలుపు వేసినప్పుడు చేతులు నలుగుతాయి. స్టీలు బీరువాలు సాధారణంగా 19 అంగుళాల లోతే కాబట్టి వాటిలో మడతలు బాగా కుదురుతాయి గానీ హ్యాంగర్లు సుఖపడవు. పత్రికలు పరిచాక మంచం చూసుకున్నాం. మంచం తల పడమటికి అడ్డంగా వుంటే దానికీ వార్డ్‌రోబ్‌కీ మధ్య ఒకటిన్నర అడుగే మిగిలింది. మంచం తల దక్షిణానికి తిప్పి తూర్పు గోడకి ఆనిస్తే, మూడడుగులు! తలుపు ఒక్కోటి 16½ అంగుళాలు. తలుపు తెరిచి మనిషి నించోవచ్చు. ఒక్క గోరుముద్ద ఖర్చు లేకుండా గది పెద్దదయింది.

రెండురోజులు ఆ పత్రికల మీద అడుగుపెట్టకుండా గదిలో తిరగమన్నారు. గుమ్మం తలుపు తగులుతోందా, స్విచ్చిబోర్డు వెనక్కి పోతోందా, అటక తలుపు తెరిస్తే ఫ్యాను రెక్క అందుతోందా... అన్నీ అప్పుడే బయటపడ్డాయి. స్విచ్చిబోర్డు ఒకటి నిజంగానే లోపలికి పోతోంది. ఎలక్ట్రీషియన్ని పిలిచి ముందే జరిపించాం.

తర్వాత ఆ గోడకి అవతల స్నానాలగది వుందని గుర్తొచ్చింది మేస్త్రిగారికి. మోకాలెత్తున సున్నం కాస్త పొంగి వుంది. అక్కడ ఓ ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగువైపులా టేపుతో అంటించి వెళ్లిపోయారు. రెండురోజుల తర్వాత చూస్తే కాగితం లోపలివైపు సన్నటి నీటిబొట్లు! గోడలోంచి చెమ్మ వొస్తోందని అర్థం. “దీనికి ఎంత ఖరీదు ప్లైవుడ్ కొట్టినా, వెనక బూజు పడుతుంది. అమ్మగారి పట్టుచీరలకి ముందు ఆ వాసన పడుతుంది” అన్నారు. స్నానాలగదిలో టైల్స్ సందులు మళ్లీ పూయించి, కారే పైపు మార్పించి, గోడ ఆరేదాకా ఆగాం. ఆ మూడు వారాలూ నేను విసుక్కున్నాను. అమ్మ విసుక్కోలేదు.

ప్లైవుడ్ కొనే విషయంలో షాపువాళ్లు చెప్పే రకరకాల పేర్లకి బెదిరిపోకండి. షీటు వెనక ముద్ర చూడండి. ఐ.ఎస్. 303 అని వుంటే మామూలు గదులకి పనికొచ్చేది. ఐ.ఎస్. 710 అని వుంటే నీటికి గట్టిగా తట్టుకునేది. మా గోడ చరిత్ర తెలుసు కాబట్టి రెండోదే తీసుకున్నాం. షీటు 8 అడుగులు, 4 అడుగులు వుంటుంది. పెట్టెకీ అరలకీ 18 మిల్లీమీటర్ల మందం. అర పొడవు మూడడుగులు దాటితే బట్టల బరువుకి నడుం వొంగుతుంది, మధ్యలో ఆసరా వుండాలి. మావి 33 అంగుళాల పెట్టెలు రెండూ, 16½ అంగుళాలది ఒకటీ. మొత్తం అయిదు తలుపులు.

బేరం దగ్గర ఓ కిటుకు వుంది. అందరూ ముందుభాగం కొలిచి చదరపు అడుగు లెక్క చెబుతారు. మాది అటకతో కలిపి 7 అడుగులు, తొమ్మిదిన్నర అడుగులు. అంటే 66½ చదరపు అడుగులు. అంకె విని సంతోషించకండి. ఆ రేటులో సొరుగులెన్ని, వెనక చెక్క మందం ఎంత, లోపల కూడా మైకా వుందా, మడతబందులు ఎవరివి... ఇవన్నీ కాగితం మీద రాయించుకోవాలి. సొరుగు ఒక్కటీ లేని పెట్టెకీ, ఆరు సొరుగుల పెట్టెకీ ముందుభాగం ఒక్కటే కదా!

చీర కొలత

నడిమి పట్టాలో ఏం పెట్టాలో తేల్చడానికి మేస్త్రిగారు అమ్మ చీర ఒకటి హ్యాంగరుకి తగిలించమన్నారు. కొక్కెం నించి అంచుదాకా 26 అంగుళాలు. కడ్డీని 47 అంగుళాల ఎత్తున బిగిస్తే, చీర 21 దగ్గిర ఆగుతుంది. అమ్మ పట్టాలో అచ్చంగా సరిపోయింది! ఎడమ పెట్టెలో యిరవై ఎనిమిది చీరలు వేలాడతాయి. కుడి పెట్టెలో పదేసి అంగుళాల అరలు రెండు, వాటి కింద ఓ సొరుగు. అరల్లో మిగిలిన ముప్ఫై చీరలూ. ఎనిమిదికి మించి దొంతర పెడితే అడుగుది లాగినప్పుడు పైవన్నీ కూలతాయి గనక నాలుగు చిన్న దొంతర్లు చేశాం. సొరుగులో మందులు, కళ్లజోడు, నాన్న ఫోటో.

జరీ పట్టుచీరల్ని తగిలించనివ్వలేదు అమ్మ. బరువుకి సాగుతాయట. నాన్న పాత పంచెలు చింపి, వాటిలో చుట్టి అరలో పెట్టింది. మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చకపోతే మడత దగ్గిరే చిరుగుతాయని చెప్పింది. కలరా ఉండలు వొద్దంది. వట్టివేళ్లు తెప్పించుకుంది.

నా సంగతా? 48 అంగుళాలకి పైన అరలన్నీ నావే. కింద చెప్పులూ, జీన్సులూ, బ్యాగులూ. చిన్న పెట్టెలో పొడుగు కుర్తాలు. దాని తలుపు లోపలివైపు నిలువుటద్దం. నా అద్దాల సరదా ఆ ఒక్క తలుపుతో తీరింది! తలుపులకి కనపడకుండా లోపల దాగే పిడులు నేను కోరితే, మేస్త్రిగారు ఒప్పుకోలేదు. అమ్మ నాలుగు వేళ్లూ పట్టేంత పొడుగు పిడులు బిగించారు. తలుపు తెరవగానే వెలిగే సన్నటి లైటు మాత్రం పెట్టించాను. అమ్మకి నీలానికీ నలుపుకీ తేడా తెలియడం మానేసి చాలాకాలమైందని ఆ లైటు వెలిగాకే నాకు తెలిసింది.

పని అయిన పదిరోజులకి మేస్త్రిగారు తలుపులు సమం చెయ్యడానికి వొచ్చారు. కొత్త మడతబందులు బరువుకి సర్దుకుంటాయి, మరలు తిప్పి సరిచెయ్యాలి. పని మొత్తానికి డబ్బులిచ్చేముందే యీ రెండో రాక గురించి మాట తీసుకోండి, మర్చిపోకండి. ఆయన వొచ్చినప్పుడు అమ్మే తలుపులు తెరిచి, మ్యూజియం గైడులాగా అంతా చూపించింది. ఆయన కట్టినదాన్ని ఆయనకే!

మొన్న ఆదివారం మ్యాట్నీకి వెళ్దామనుకున్నాం. నేను యథాప్రకారం ఏది వేసుకోవాలో తోచక నా పై అరలు తిరగేస్తున్నాను. వెనక నించి మాట వినిపించింది.

“ఏమే, టైటిల్స్ అయిపోయాక వెళ్దామా?”

తిరిగి చూస్తే అమ్మ. నీలం చీర. చేతిలో పర్సు. గుమ్మం దగ్గిర చెప్పులు వేసేసుకుంది కూడా.